బాద్షా రిపోర్టు

ఆర్మూరులో రామకిష్టయ్య సేటుకు తెలియని సంగతంటూ లేదు. కనీసం ఆయన అభిప్రాయం అది. పసుపు కొమ్మును పటుక్కున విరిచి, ఆ చప్పుడును బట్టే ధర చెప్పే కమీషన్ ఏజెంటు ఆయన. పాపం, ఆ ఒక్క విద్యతోనే లోకంలో అన్నిటికీ తీర్పు చెప్పేస్తుంటాడు. మూడేళ్ల కింద అంకాపూర్ రోడ్డు పక్కన షెడ్డు వేయించి, బాద్షా అనే మగ గుర్రాన్నీ రాణి అనే ఆడ గుర్రాన్నీ కొన్నప్పుడు కూడా ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

మూడు చలికాలాలు గడిచినా రాణి చూడి కట్టలేదు. "ఇది గొడ్డుది. పెండ్లి బ్యాండోళ్లకు అమ్మేస్త" అనేశాడు సేటు.

అదే వారం ఇంకో తీర్పు కూడా వచ్చింది. కోడలు కృతిక కాపురానికొచ్చి మూడేళ్లయినా నెల తప్పలేదు గనుక, ఉగాది దాటాక ఆమెను ఏర్గట్లలోని పుట్టింటికి పంపి, కొడుకు మహిధర్‌కు వేరే సంబంధం చూడాలని. ఈ మాట ఆయన నేరుగా అనలేదు, పెద్దమనిషి కదా. భార్య కమలాబాయితో అనిపించాడు. ఆ మాట చెబుతున్నంతసేపూ అత్త చేటలో బియ్యం మీంచి తల ఎత్తలేదు.

కృతికకు ఒళ్లు మండిపోయింది. నిజామాబాద్‌లో రెండుసార్లు పరీక్షలు చేయించుకుంది, ఏ లోపమూ లేదన్నారు. ఆ కాగితాలను సేటు ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. ఇక మహిధర్ మహారాష్ట్రలోని సాంగ్లీ పసుపు మార్కెట్ చూసుకుంటూ అక్కడే ఉంటాడు. అమావాస్యకు దుకాణం బందు గనుక ఆ ఒక్క రోజూ ఇంటికొస్తాడు. సగం నిద్రపోతాడు, సగం ఫోను చూస్తాడు, తెల్లారి బస్సెక్కుతాడు. ఇలా నెలకొక్క రోజు వచ్చిపోతే పిల్లలెలా పుడతారని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మామయ్య తీర్పుల్లో ఒకటి తప్పని తేలితే రెండోది కూడా కదలకపోదని కృతిక ఆశ. పశువుల డాక్టరు జ్యోత్స్నకు ఫోన్ చేసి షెడ్డుకు పిలిపించింది.

"సేటూ, మగదాన్ని దీని దగ్గరికి ఎప్పుడు తీస్కపోతరు?" అని అడిగింది డాక్టరమ్మ.

"దీపావళి దాటినంక పుష్యమాసం దాక. గప్పుడే కదా మాకు తీరిక."

"ఆ తర్వాత?"

"తర్వాత పసుపు సీజనాయె. గుర్రాల దిక్కు ఎవరు చూస్తరమ్మా? దేన్నది వేరేగ కట్టేసి ఉంచుతం."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "చలికాలంల పొద్దు చిన్నగుంటది సేటూ. చానా గుర్రాలు అప్పుడు ఎదకు రావు. పొద్దు పెరిగినంక మూడు వారాలకోసారి వస్తయి, ఐదారు రోజులుంటయి. మీకు తీరికున్నప్పుడు దానికి లేదు, దానికున్నప్పుడు మీకు లేదు. ఇంకో మాట. ఆడదాన్ని గొడ్డనే ముందు మగదాన్ని పరీక్ష చేయాలె."

సేటుకు ఈ మాట మస్తు నచ్చింది. వారంలో బాద్షా రిపోర్టు వచ్చింది, ఏ లోపమూ లేదు. దాన్ని ఫోన్లో పెట్టుకుని మార్కెట్ యార్డులో హమాలీలకు చూపించాడు, ముప్కాల్ రైతులకు చూపించాడు, చాయ్ బండి దగ్గర ముక్కూమొహం తెలియని వాళ్లకు కూడా చూపించాడు. సొంత కొడుకు పదో తరగతి పాసైనప్పుడు కూడా ఇంత సంబరపడలేదు.

మాఘమాసం నుంచి కృతిక రోజూ పొద్దున్నే షెడ్డుకు పోయింది. బాద్షాను కంచెకు అవతల నడిపించడం, ఇవతల రాణి ఏం చేస్తుందో చూసి క్యాలెండర్ మీద రాసుకోవడం. మొదట్లో రాణి చెవులు వెనక్కి వాల్చి, కీచుమని అరిచి కంచె పలకను తన్నేది. ఫాల్గుణంలో ఒక పొద్దున మాత్రం కదలకుండా నిలబడింది. తోక పక్కకు ఎత్తి, వెనక కాళ్లు ఎడం చేసి, కొంచెం కొంచెంగా మూత్రం పోస్తూ కంచెకు ఆనుకుంది. కృతిక పరుగున పోయి డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

బాద్షాతో కలిపిన రెండు వారాలు దాటాక స్కాన్ తీస్తే రాణి చూడితో ఉంది.

ఆ రోజు సేటు యార్డంతా పేడాలు పంచి, అన్నానికి కూర్చుని ఉపన్యాసం మొదలుపెట్టాడు. "తప్పు గుర్రంది కాదే. మగదాన్ని వేళ కాని వేళ తెచ్చి, దాన్ని గొడ్డనుడు మూర్ఖత్వం. ముందుగాల మగదాన్ని పరీక్ష చేయాలె. నేను మొదట్నుంచి గిదే చెప్తున్న."

కృతిక ఆయన గ్లాసులో నీళ్లు పోసింది. "అవును మామయ్యా. బాద్షా రిపోర్టు ఊరంత చూపిండ్రు. మీ కొడుకు రిపోర్టు ఎవరికీ చూపద్దు. తీపిస్తే చాలు."

సేటు ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. "గుర్రం ముచ్చట మన్షికి చెప్తవా? మా ఇంట్ల మగోళ్లు దవాఖాన లైన్ల నిలబడరు."

"మహిధర్ పుట్టకముందు కూడ మీరు గిదే మాట అన్నరు" అంది కమలాబాయి. ఆమె గొంతు అంత గట్టిగా వినపడడం కృతిక ఎన్నడూ ఎరగదు. "ఏడేండ్లు మీ అమ్మ నన్ను గొడ్రాలన్నది. మీరు గూడ దవాఖానకు రారాదుండ్రి అన్నందుకు పీట ఇసిరిండ్రు. నాలుగు నెలలు పుట్టింట్ల కూసోని ఏడ్చిన. అయినా సిగ్గులేక మొన్న గదే మాట ఈ పిల్లతోటి అన్న."

కృతికకు అత్త మీద కోపమూ జాలీ ఒక్కసారే వచ్చి కళ్లు నిండాయి. కమలాబాయి అప్పటికే కొడుకుకు ఫోన్ కలిపింది.

"సోమారం పొద్దుగాల నిజామాబాద్ రా. దవాఖాన్ల పనుంది. నీకే." అవతలి మాట విని, ఫోను మొగుడి చేతిలో పెట్టింది. "అమావాస్య దాక ఆగమంటుండు. చెప్పుండ్రి."

రామకిష్టయ్య కోడలి వైపు చూడలేదు, భార్య వైపూ చూడలేదు. గొంతు సవరించుకున్నాడు.

"సోమారం రా బిడ్డా. మార్కెట్ నేను చూస్కుంట."