ఎదురు పీట

మైనం పూసిన దారాన్ని రెండు అరచేతులకీ చుట్టుకుని ఎడమాయన ఒక్క గుంజు గుంజాడు. పై తోలూ అడుగు అట్టా ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఆరెతో ఇంకో రంధ్రం, అందులోకి సూది, మళ్ళీ గుంజు. మడమ దగ్గర బయల్దేరి, బొటనవేలి వంపు తిరిగి, మళ్ళీ మడమకు చేరితే ఒక బూటు అయినట్టు. వంగిపోయిన మెడ, కాయలు కాసిన చూపుడువేలు, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన చేసిందల్లా ఇదే: ఎడమ కాలి బూటు.

కుడి కాలిది ఆయన పని కాదు. ఆ కార్ఖానా పద్ధతి అది. దానికి యజమాని అంటూ ఎవడూ లేడు, పనిచేసేవాళ్ళందరిదీ. మొదట్లో దాన్ని పెట్టిన పెద్దలు ఒక నియమం రాశారు: ఏ మనిషీ జత మొత్తం తానొక్కడే చెయ్యకూడదు. బల్లకి అటొకరు, ఇటొకరు. ఒకరు ఎడమ చేస్తే ఎదుటివారు కుడి చెయ్యాలి. అప్పుడు 'ఈ జత నాది' అని ఎవరూ ఛాతీ విరుచుకోలేరు, కూలి అందరికీ ఒకటే. తొమ్మిది బల్లలు, పద్దెనిమిది మంది. అలా చేసీ చేసీ ఈయనకు ఎడమాయన అని, ఎదుటి పీట మీదాయనకు కుడాయన అని పేర్లు స్థిరపడ్డాయి. అసలు పేర్లు సభ్యుల పుస్తకంలో ఉన్నాయిట, చూసినవాళ్ళు లేరు.

తమాషా ఏమిటంటే, ఎడమాయనది పేరుకే ఎడమ. సోషలిజం అన్న మాట వింటే చాలు, ఆయనకు అరికాలిమంట నెత్తికెక్కేది. "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా? ఎవడి కష్టం వాడిదైతేనే చెయ్యి చురుగ్గా ఆడుతుంది బావా" అనేవాడు. వరసకేమీ కాకపోయినా ఇద్దరూ 'బావా' అనే పిలుచుకునేవారు. కుడాయన దారం పంటితో కొరుకుతూ, "పెట్టుబడిదారుడిలా ఆశ చూపించి పని చేయించుకోవడం గాడిద ముందు గడ్డి కట్టడమే బావా" అనేవాడు. "ఐదు వేళ్ళూ సమానమేమిటయ్యా?" అని ఈయన. "కావు. కాని ముద్ద నోట్లోకి పోవాలంటే ఐదూ కలవాల్సిందేగా!" అని ఆయన. రోజూ పొద్దున్న మొదలయ్యేది, సాయంత్రం తలుపులు మూసేదాకా నడిచేది. ఒక్కనాడూ తేలలేదు. పక్క బల్లలవాళ్ళకు రేడియో అక్కర్లేకపోయింది.

ఇప్పుడు ఎదురు పీట ఖాళీ. నాలుగు నెలలైంది. ఎవరినీ కూర్చోమనలేదు, ఎవరూ కూర్చోలేదు. ఈయన ఎడమలకు కుడులు మిగతా బల్లలవాళ్ళే వంతులేసుకుని చేస్తున్నారు. అయినా ఎడమాయన సుత్తితో రెండు దెబ్బలు వేసి ఆగితే, అవతలి నుంచి మూడో దెబ్బ వినబడుతుంది. తల ఎత్తడు. ఎత్తితే అక్కడ ఎవరూ ఉండరని తెలుసు. ఎత్తనంతసేపూ ఉన్నట్టే.

ఆ చివరి వారం సంగతి తలుచుకోకుండా ఉండాలని ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. కుడాయన పని మందగించింది. ఈయన చేసిన ఎడమలు బల్ల మధ్యలో పేరుకుపోతున్నాయి, కుడులు రావడం లేదు. "చెయ్యి లాగుతోంది బావా, కాస్త ఆయాసంగా ఉంది" అన్నాడు కుడాయన. "చెయ్యి లాగుతోందా, ఒళ్ళు దాచుకోమంటోందా? నీ బద్ధకాన్ని నేనెంతకాలం మొయ్యాలి? ఇందుకే కదా నేను నెత్తీ నోరూ కొట్టుకునేది!" అనేశాడు ఎడమాయన. వాదనలో అన్నట్టే అన్నాడు, రోజూ అనేదానికంటే ఒక పిసరు గట్టిగా. కుడాయన జవాబు చెప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ ఒక్కసారే చెప్పలేదు. మూడో రోజున ఇంట్లో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

"బాబాయ్, సాయంత్రానికి అవుతుందా?" కార్యదర్శి బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. చెవి మీద పెన్సిలు, చేతిలో కాగితాలు. నలభై ఏళ్ళ మనిషి, పని తెలిసిన మనిషి. ఇవాళ నాలుగింటికి సమావేశం పెట్టింది ఆవిడే. ఇకనుంచి ఎవరి జత వాళ్ళే చెయ్యాలి, చేసిన జతలను బట్టే కూలి. చెయ్యలేనివాళ్ళకి పీట ఉండదు. ఇదీ ఓటుకు పెట్టబోయే కొత్త నియమం.

"అవుతుంది పో అమ్మాయ్."

"నాకు సరదా కాదు బాబాయ్. చురుకైనవాళ్ళు ముగ్గురు వెళ్ళిపోతామంటున్నారు. వాళ్ళు పోతే మిగిలినవాళ్ళం కలిసి మూత వేసుకోవడమే. ఒక్క మనిషి జత చెయ్యగలడని నువ్వు చేసి చూపిస్తే, అటూ ఇటూ ఊగుతున్నవాళ్ళు కొత్త నియమానికి చేతులెత్తుతారు."

కిందటి వారం అందరిముందూ, "దానిదేముంది, నేను చేసి చూపిస్తా" అన్నది ఎడమాయనే. నోరా, వీపుకు తేకే అని ఊరికే అనలేదు. ఇప్పుడు చెయ్యకపోతే ముందు పోయేది తన పీటే. తాను ముప్ఫై ఏళ్ళు కోరిన నియమమే తనను గుమ్మం దాటించేలా ఉంది.

ఎడమది పది గంటలకల్లా పూర్తయింది. అద్దంలా వచ్చింది. వెంటనే లేచి అలమర నుంచి తోలు ముక్కలూ పాదం ఆకారపు చెక్క దిమ్మా తెచ్చుకుని రెండోది మొదలుపెట్టాడు. చెయ్యి హాయిగా సాగిపోతోంది. 'ఇంతేనా కుడి బూటు! దీనికా నువ్వంత గొప్పలు పోయేవాడివి బావా!' అని లోలోపల నవ్వుకున్నాడు. మధ్యాహ్నానికి ముగించి, రెండూ పక్కపక్కన పెట్టి, కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు.

రెండూ ఎడమలే.

చెయ్యి ఎడమ అరలోకే వెళ్ళింది. ఎడమ దిమ్మే తెచ్చింది, ఎడమ బూటే కుట్టింది. పక్క బల్ల మీది కుర్రకుంక, వాడి పని వేగం చూసి అందరూ 'రైలు' అంటారు, చూడనే చూశాడు. "బాబాయ్, రెండు ఎడమ కాళ్ళున్నవాణ్ణి వెతికి పట్టుకొస్తానుండు!" అన్నాడు. గది గదంతా ఘొల్లుమంది. ఎడమాయన కూడా నవ్వాడు.

ఈసారి కుడి ముక్కలు ఒక్కొక్కటే చూసి తెచ్చుకున్నాడు. చేతులు కదలలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? వంపు ఎటు తిరగాలి? అన్నీ తెలిసినట్టే ఉంటాయి, అన్నీ తిరగబడి ఉంటాయి. ఆరె రెండుసార్లు జారి వేలికి గుచ్చుకుంది. ఎడమ చెయ్యి మోచేతి దాకా లాగుతోంది. తిట్టుకుంటూ దులపరించుకున్నాడు.

"అన్నయ్యా!"

కుడాయన భార్య. ఆఫీసులో భర్త పెట్టె తాళంచెవి అప్పజెప్పడానికి వచ్చింది. ఖాళీ పీటను ఒకసారి చూసి, దాని పక్కనే నిలబడింది కాని కూర్చోలేదు.

"ఇవాళేనటగా, ఓట్లు?"

"ఇవాళేనమ్మా." ఆయన తలెత్తలేకపోయాడు. "నీకు కోపంగా ఉంటుంది. వాడు వద్దన్నదే నేను చేస్తున్నా."

ఆవిడ నవ్వింది. "వద్దన్నారని ఎవరన్నారు? మా ఇంట్లో రోజూ మీ వాదనే కదన్నయ్యా! నేను అందరూ సమానమంటే, ఆయన కాదనేవారు. 'బావ చెప్పేదాంట్లో న్యాయముందే. వేళ్ళు అరిగేలా చేసేవాడికీ నాకూ ఒకే కూలంటే, తీసుకునేటప్పుడు నాకే సిగ్గుగా ఉంటోంది' అనేవారు. ఆ చివరి వారంలో, సోమవారం వచ్చి పేరు కొట్టేయించుకుంటానని కూడా అన్నారు. మీకు బరువు కాకూడదట."

ఎడమాయన చేతిలో దారం అలాగే ఉండిపోయింది. "మరి ఆ ముక్క నాతో ఒక్కసారన్నా అన్నాడు కాదేమమ్మా?"

"అంటే మీరు గెలిచేసినట్టేగా! 'గెలిస్తే ఇంక బావ నాతో మాట్లాడడానికి ఏముంటుందే, నోరు మూసుకుని బూట్లు కుట్టుకోవాలి' అనేవారు." కొంగుతో కళ్ళొత్తుకుని, "వస్తానన్నయ్యా" అని వెళ్ళిపోయింది.

ఎడమాయనకు ఏడుపొచ్చింది. అరవై ఏళ్ళు దాటిన మనిషి, పదిమందిలో, తోలు వాసనల మధ్య ఏడవడమేమిటని మింగేశాడు. తరవాత లేచాడు. ముక్కలూ దిమ్మా ఆరే తీసుకుని, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, కుడాయన పీట మీద కూర్చున్నాడు.

అక్కడి నుంచి ఆ గది వేరేలా ఉంది. కిటికీ వెనక్కి పోయింది, వెలుతురు భుజం మీదుగా వస్తోంది. ఎదురుగా తన పీట, ఖాళీగా. దానికీ తనకీ మధ్య, పొద్దుటి నుంచి తాను చేసిన రెండు ఎడమలు. ముప్ఫై ఒక్క ఏళ్ళు, పూర్తయిన ప్రతి ఎడమ బూటునీ ఆయన అక్కడే, బల్ల నడిమధ్యనే పెట్టేవాడు. నా పని చూడండి అని గర్వం. అవి ఎదుటి మనిషికి ఎలా కనిపిస్తాయో ఎన్నడూ తోచలేదు. చివరి వారంలో తొమ్మిదో పదో పేరుకున్నాయి. ఈ పీట మీద కూర్చున్నవాడికి అవి కళ్ళ ఎత్తున గోడ కట్టినట్టుంటాయి. గోడకి అవతల నుంచి బావ అరుపులు. ఆయాసపడుతూ కుడాయన చూసింది ఇదీ.

"అయ్యో బావా!" అన్నాడు పైకే. "తప్పయిపోయింది."

చేతులు కదిలాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎదురుగా చూసిన బావ చేతుల్లా. ఏ చోట తోలు నొక్కిపెడతాయో, ఎక్కడ దారం పంటికిందికి పోతుందో ఆయనకు తెలుసు. తనకు తెలుసునన్న సంగతి తెలియదు, అంతే. కుట్టు కుట్టుకీ పెదవులు గొణిగాయి. "ముద్ద నోట్లోకి పోవాలంటే ఐదూ కలవాల్సిందేగా..." ఎదుటి పీటకేసి చూసి, ఎవరైనా కాదంటారేమోనని ఆగాడు. ఎవరూ కాదనలేదు.

నాలుగు కావస్తుండగా కుడి బూటు తయారైంది. కుడాయన మడమ చివర ఎప్పుడూ ఒక కుట్టు ఎక్కువ వేసేవాడు, దండగని ఈయన దెప్పేవాడు. ఇప్పుడు చూస్తే ఆ కుట్టు దీనికీ ఉంది.

బల్లలు పక్కకు జరిపి అందరూ చేరారు. కార్యదర్శి జతను పైకెత్తి చూపించింది. "చూశారా! బాబాయి ఒక్కడే చేశాడు!"

"ఒక్కణ్ణే కాదమ్మాయ్" అన్నాడు ఎడమాయన పీట మీది నుంచి లేవకుండానే. "ఎడమది నాది. కుడిది వాడిది."

కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు.

"అయితే కొత్త నియమం వద్దంటావా?" అంది కార్యదర్శి విస్తుపోయి.

"చురుకైనవాడికి ఎక్కువివ్వండి, అది న్యాయమే. నేనెప్పుడూ అదే అన్నా. మరి మందగించినవాణ్ణి ఏం చేస్తారు? ఎందుకు మందగించాడని అడిగేవాడు ఎదురుగా ఉండాలా, వద్దా?" ఊపిరి తీసుకున్నాడు. "నేను ఎదురుగానే ఉండి అడగలేదు. అందుకని నాకూ తెలియడం లేదమ్మా. మీరు మాట్లాడుకోండి, నేను వింటూ ఉంటా."

మాట్లాడుకున్నారు. గట్టిగానే మాట్లాడుకున్నారు. రైలు, "నా రెక్కలతో ఇంకొకడి పొట్ట ఎందుకు నింపాలి?" అన్నాడు. మూల బల్ల దగ్గరి చూపు మందగించిన పెద్దావిడ, "నీ రెక్కలు ఎల్లకాలం ఇలాగే ఉంటాయా నాయనా?" అంది. ఎవరి మాటా తీసిపారేసేది కాదు. వెనక ఎడమాయన ఊరికే కూర్చోలేక చేతిలోకి ఏదో పని తీసుకోవడం చూసి, ఆయన అలవాటు తెలిసినవాళ్ళు పట్టించుకోలేదు.

చేతులెత్తారు. కావాలన్నవాళ్ళు ఎనిమిది, వద్దన్నవాళ్ళు ఎనిమిది. పదిహేడో చెయ్యి కోసం అందరూ వెనక్కి తిరిగారు.

"బాబాయ్, నీ చెయ్యి?"

గోడకి తల ఆనించి, ఎదుటి పీట వైపు చూస్తున్నాడు ఎడమాయన. ఎవరో చెప్పేది పూర్తయ్యాక జవాబు చెబుదామని ఆగినట్టుంది ముఖం. కార్యదర్శి దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. మళ్ళీ పిలిచింది. తరవాత మెల్లిగా కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. రైలు అప్పటికే తలుపు తోసుకుని డాక్టరు కోసం పరుగెత్తాడు గాని, ఆ పరుగుకి ఫలితం లేదని గదిలో అందరికీ తెలుసు.

ఓట్లు ఎనిమిదీ ఎనిమిదిగానే ఉండిపోయాయి. ఆయన ఒడిలో, అప్పుడే మొదలుపెట్టిన ఇంకో కుడి బూటు. పదకొండు కుట్లు పడ్డాయి, పన్నెండో రంధ్రంలో సగం దూరిన సూది, దాని వెనక నేలదాకా వేలాడుతున్న మైనపు దారం.