సైదమ్మ అభిప్రాయం

హుజూర్‌నగర్‌లో ఏడున్నర బస్సు ఎక్కితే గోపిక కోదాడలోని బడికి ప్రార్థన గంటకు పది నిమిషాల ముందే చేరుతుంది. ఆ పది నిమిషాల్లో తొమ్మిదో తరగతి బోర్డు తుడిచి ఒక లెక్క రాసి పెడుతుంది. ఆమె హాజరు పట్టీ తీసేసరికి పిల్లలు సగంమంది ఆ లెక్కతో కుస్తీ పడుతూ ఉంటారు.

లెక్కలు చెప్పడంలో ఆమెకు మంచి పేరుంది. ప్రోగ్రెస్ కార్డుల విషయంలో చెడ్డ పేరూ ఉంది. నాన్న సంతకం చాలదు, అమ్మ కూడా వచ్చి పెట్టాలంటుంది. వచ్చిన తల్లికి కుర్చీ వేసి, బిడ్డ నోటుబుక్కు తెరిచి చూపిస్తుంది. రాయడం వచ్చిన వాళ్ళది సంతకం, రాని వాళ్ళది వేలిముద్ర.

అనంతగిరి సైదమ్మ వేలిముద్ర మాట్లాడుతుంది. ఎక్కడ వేస్తే అక్కడి నుంచి ఆమె గొంతే వినిపిస్తుంది, ఆమె మనసులో ఉన్న మాటే. రేషన్ షాపాయన ఆమె కాయితాన్ని బియ్యం బస్తా కింద దాస్తాడు. ఆమె కూతురు ప్రవళిక సంచిలోంచి ప్రోగ్రెస్ కార్డు "ఇంగిలీషుల గిన్ని తక్కువొచ్చినయేందే?" అని గొణిగితే, పక్కపిల్ల "జర ఊకోమనే మీ అమ్మను, పాఠం ఇనబడ్తలేదు" అని విసుక్కుంటుంది.

2013 దసరా సెలవులు అయ్యాక కరస్పాండెంట్ కృష్ణమూర్తి మేనల్లుడు నిఖిల్ బడికి ఆన్‌లైన్ సర్వే తెచ్చాడు. ఒక్కో టీచరుకు ఐదు నక్షత్రాలకు ఎన్ని వస్తాయో తల్లిదండ్రులు తేల్చాలి. రెండున్నర దాటకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఇంటికొక్క ఫారం. తండ్రి ఫోన్ నంబరు కొడితేనే తెరుచుకుంటుంది. తల్లి అనే మాట అందులో ఎక్కడా లేదు. మర్చిపోయానన్నాడు నిఖిల్. మర్చిపోవాలంటే ముందు గుర్తుండాలి కదా.

తండ్రులు బస్టాండు పక్కన ధర్మేందర్ నెట్ సెంటర్‌కు పోయారు. కొందరు అంత దూరం కూడా పోకుండా ఫోన్లోనే చెప్పారు. "లెక్కల టీచరా? మా ఆడోళ్ళను పిలిచి కుర్చీలల్ల కూసోబెడ్తది. ఒక్క నక్షత్రం చాలు." తొమ్మిదో తరగతి ఏ అంతస్తులో ఉందో తెలియని నలభై మంది మగవాళ్ళు గోపిక పాఠానికి వేసిన మార్కు ఒకటిన్నర.

శుక్రవారం ఆ సంగతి తెలిసింది. సోమవారం వచ్చి ఉత్తర్వు తీసుకోమన్నారు. భర్తను వదిలేసి, కూతురితో కిరాయి గదిలో ఉంటున్న గోపికకు ఈ ఉద్యోగం పోతే మిగిలేది నిడమనూరులో అన్న ఇల్లు. అక్కడ అన్నం పెడతారు, పెట్టామని రోజూ గుర్తు కూడా చేస్తారు.

సోమవారం పొద్దున బస్సు దిగగానే ప్రవళిక ఎదురొచ్చింది. ముందురోజు వాళ్ళమ్మ నెట్ సెంటర్‌కు పోయిన ముచ్చట చెప్పింది.

"నా అభిప్రాయం రాయి తమ్మీ" అన్నదట సైదమ్మ.

"మీ ఇంటిది అయిపోయిందక్కా. మీ ఆయన పెద్దయ్యన్న గొర్లకాడి నుంచి ఫోన్ చేసిండు. అందరు ఏం కొట్టిన్రో నాది గూడ గదే కొట్టు అన్నడు."

"ఆయన ఎన్నడన్న బడి మొఖం సూసిండా? నేను సూసిన. నాది రాయి."

"కంప్యూటర్ తీసుకోదక్కా. ఇంటికి ఒక్కటే."

"తీసుకోక ఏడికి పోతది?" అని సైదమ్మ సిరాలో వేలు ముంచి, తెర మీద గట్టిగా అద్దింది. ఆమె పోయాక ధర్మేందర్ అద్దం మీద మరక తుడుచుకున్నాడు.

గోపిక కరస్పాండెంట్ గదిలోకి పోయేసరికి ఆయన భార్య రంగనాయకమ్మ కూడా ఉంది. బడి కాయితాల మీద ఆమె పేరే ఉంది. పదకొండేళ్ళుగా భర్త వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆమె సంతకం చేస్తోంది. ఆరోజు గోపికను తీసేసే ఉత్తర్వు ఆమె ముందుంది.

"చూడమ్మా, ఇది మా అభిప్రాయం కాదు, తల్లిదండ్రులది" అన్నాడు కృష్ణమూర్తి. నిఖిల్ ఫలితాలు తెరిచాడు.

"నేను సైదమ్మను, ప్రవళిక తల్లిని" అన్నది కంప్యూటర్.

"సౌండ్ తగ్గించరా" అన్నాడు కృష్ణమూర్తి.

"దీనికి స్పీకర్లే లేవు మామయ్యా."

"పోయినేడు మా ఆయన కడుపుల పురుగులకని అందాజగ నట్టల మందు పోస్తె నాలుగు గొర్రెపిల్లలు సచ్చినయి. ఈయేడు నా బిడ్డ సీస మీద సదివి, ఏ గొర్రె బరువుకు ఎంత మందో లెక్కగట్టి పోసింది. ఒక్కటి సావలే. ఆ లెక్క నేర్పింది గోపిక టీచరు. మీ సర్వేల గిదెందుకు అడగలే? ఆడపిల్లల బాత్రూముకు గొళ్ళెం లేదు. ఒకతి లోపలికి పోతే ఒకతి తలుపు పట్టుకొని నిలబడ్తది. గదెందుకు అడగలే?"

"ఆ వరస తీసేయ్."

"తీసేస్తే పై వరసలోకి వస్తోంది మామయ్యా."

రంగనాయకమ్మ పెన్ను ఆగింది. "ఏ బాత్రూము?"

"పై అంతస్తుది మేడం" అంది గోపిక. "రెండేళ్ళయింది. మూడు ఉత్తరాలు ఇచ్చాను."

"నాకెవరూ చెప్పలేదే!"

"అవన్నీ నీకెందుకు?" అన్నాడు కృష్ణమూర్తి. "సంతకం పెట్టు. నాకు పదిన్నరకు మీటింగుంది."

"మీరు వెళ్ళండి. నేను చదువుకుంటాను."

ఆమె ఉత్తర్వును మొదటి అక్షరం నుంచి చదివింది. బడి పేరు, తన పేరు, తారీఖు, అన్నీ. గదిలో ముగ్గురూ నిలబడిపోయారు.

"ఈవిడ పాఠం బాగోలేదని రాశారు" అంది చివరికి. "ఎవరు విన్నారు?"

"అత్తయ్యా, సర్వేలో..."

"సర్వే సంగతి కాదు నాయనా. కూర్చుని విన్నదెవరు?"

"నా బిడ్డ ఇన్నది" అన్నది కంప్యూటర్.

రంగనాయకమ్మ పెన్నుకు మూత పెట్టింది. "అయితే నేనూ విని వస్తాను."

మూడో పీరియడ్‌లో ఆమె మెట్లెక్కి తొమ్మిదో తరగతికి వచ్చింది. చివరి బెంచీలో పిల్లలు జరిగి చోటిచ్చారు. గోపిక చేతిలో చాక్‌పీసు రెండుసార్లు విరిగింది. తర్వాత లెక్క ఆమెను లాక్కుపోయింది, భయం వెనకబడింది. ఇరవై నిమిషాలకు వెనక నుంచి గాజుల చెయ్యి లేచింది.

"టీచరమ్మా, ఆ మూడో వరస నాకు పట్టుబడలేదు. ఇంకోసారి చెప్తారా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. గోపిక మూడో వరస చెరిపి, మళ్ళీ మొదలుపెట్టింది. రంగనాయకమ్మ సంతకం లేని ఆ ఉత్తర్వును తిరగేసి, వెనక ఖాళీ వైపున లెక్క ఎక్కించుకుంటోంది.