చెరగని ముగ్గు

"టైల్స్ జాగ్రత్త!" అన్నాడు నారాయణ. కామారెడ్డి స్టేషన్లో హమాలీ మల్లయ్య చెవికి అది "తైలాలు" అని ఎక్కింది. పెట్టెను పసిపిల్లలా ఎత్తుకుని ముక్కు ఆనించాడు.

"వాసన రాదేంది పటేలా? ఒలికిపోయిందా?"

"తైలం గాదు మల్లయ్యా, బండలు! గోడకు అతికే గులాబి పూల బండలు!"

"ఇల్లు బండలు గాను అని తిడ్తరు గని, కిరాయి పెట్టి తెచ్చుకునేటోళ్లను గిప్పుడే చూస్తున్న."

జర్మనీ లడాయి ఇంకా మొదలుకాని రోజులు. సికింద్రాబాదులో ఒక దొర బంగళా చూసొచ్చిన నాటి నుంచి నారాయణకు తెల్లవారితే తెల్లవారి బండల ధ్యాసే. విక్టోరియా రాణి ఎప్పుడో పోయింది, ఆమె కాలపు పూలు మాత్రం రైలెక్కి వస్తున్నాయి. ఎల్లారెడ్డిలో తన ఇంటి నేలంతా, గడప ముందు పేడనీళ్ల సాన్పు చల్లి ముగ్గేసే జాగాతో సహా, నలుపు తెలుపు గళ్ల నడుమ ఎర్ర పద్మాల బండలు పరిపించాడు. మిగిలింది గోడే. ఆ పెట్టె కోసం మొన్న వస్తే అది రెండు రోజులు ఆలస్యమై ఇక్కడే చిక్కుకున్నాడు. భార్య పుట్టింట్లో ఉంది. ఇంట్లో తల్లి రామవ్వ ఒక్కతే. బయల్దేరేటప్పుడు ఆమె ఒళ్లు వెచ్చగా ఉంది.

అంతలో ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చిన తమ వాడ మైసన్న ఎదురుపడ్డాడు. ముఖం వేలాడుతోంది.

"నారాయణన్నా, నువ్వింకా గీడనే ఉన్నవా? నిన్నటి సంది మీ వాకిట్ల ముగ్గు లేదు."

వాకిట్లో ముగ్గు పడలేదంటే ఇంట్లో ఎవరో పోయినట్టే. నారాయణ మైసన్న భుజం పట్టుకున్నాడు.

"లోపలికి పోయి చూడలేదా?"

"పొద్దుగాల బస్సుకు ఉరుకుకుంట దూరంకెల్లే చూసిన."

పెట్టెను మల్లయ్యకు అప్పగించి నారాయణ తిరుగు బస్సెక్కాడు. దారిలో లింగంపేటలో అక్క ఈరవ్వను ఎక్కించుకున్నాడు. ఆమె తీసిన శోకానికి బస్సు హారను చిన్నబోయింది.

ఇద్దరూ గుండెలు బాదుకుంటూ ఇల్లు చేరారు. వాడకట్టంతా వెంట వచ్చింది. రామవ్వ పద్మాల నడుమ కూర్చుని చింతగింజలు తీస్తోంది. తన పిల్లలిద్దరి ఏడుపు చూసి, చేట పక్కన పెట్టి, ఆమె కూడా శోకం అందుకుంది. కాసేపు రాగం తీశాక గానీ అడగలేదు.

"ఇంతకు ఎవలు పోయిండ్రురా?"

"నువ్వే అవ్వా!"

"నా మొకం! నేను పోతే నాకు చెప్పరా?"

ఈరవ్వ తల్లి చెంపలు, మెడ తడిమి చూసింది. జ్వరం లేదు. ఏడుపు ఆపబోయి నవ్వేసింది. నారాయణ ఒక పద్మం మీద చతికిలబడ్డాడు. ఆ బండ అంత చల్లగా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

"మరి ముగ్గెందుకు ఎయ్యలేదవ్వా?" అని అడిగింది ఈరవ్వ.

రామవ్వ లేచి అందరికీ వినపడేలా చెప్పింది.

"మొన్న ఊరికి పోంగ వీడే గదనే అన్నడు, అవ్వా, ఇది చెరగని ముగ్గు, ఇగ నీకు ఒంగే బాధ తప్పింది అని! ముగ్గు మీద ముగ్గు ఎవలన్న ఏస్తరా? మంచిగ పండుకున్న, జరం గూడ పోయింది. తెల్లపిండి కనబడకపోతే ఊరంత నన్ను పాడె ఎక్కిస్తదని నాకేమెరుక? ఈరవ్వా, ముగ్గు గిన్నె తేవే. నేను బతికున్న అని రోజు చెప్పాల్నంటే, రేపటి సంది మీ తమ్ముడే ఒంగుతడు!"