నునుపు మొహం

ఎవరికి సైకిలు నేర్పినా నేను ఒకటే మాట చెబుతాను. "ముందుకు చూడు, వెనక నేనుండా." అలా చెప్పి, సీటు పట్టుకుని కాస్త దూరం పరుగెత్తి, వాళ్ళకు తెలియకుండా చెయ్యి వదిలేస్తాను. అది అబద్ధమే. కానీ ముప్పై ఏళ్ళుగా మా ఊరంతా ఆ అబద్ధంతోనే సైకిలు నేర్చుకుంది. నా పేరు జయకుమార్. బేతంచెర్ల పోయే రోడ్డు మీద పంక్చరు అంగడి నాది. నోరు మంచిది కాదని ఊళ్ళో పేరుంది. కాదని నేనూ అనను.

మా ఊరికీ హైస్కూలుకీ ఆరు కిలోమీటర్లు. ఆ ఆరు కిలోమీటర్లూ బండల లారీలవే. గనుల నుంచి బండలు ఫ్యాక్టరీలకు పోతాయి, ఫ్యాక్టరీల్లో పాలిష్ అయి ఎక్కడెక్కడికో పోతాయి. మా ఊరి చేతులన్నీ ఆ పాలిష్ పనిలోనే ఉన్నాయి. స్కూలు వేళకు బస్సు లేదు. ఉన్న ఒక్క ఆటోలో పదహారు మందిని కుక్కుతారు. ఆడపిల్లలు ఒక్కొక్కరే బడి మానేసి ఫ్యాక్టరీలో చేరుతుంటే నాకు ఒళ్ళు మండింది. పాత ఇనుము అంగట్లో ఒక్కో ముక్కా ఏరుకొచ్చి ఐదు సైకిళ్ళు నిలబెట్టాను. నలుగురు తల్లులు సరేనన్నారు. ఐదో తల్లి కృపమణి ఒప్పుకోలేదు.

ఎలా ఒప్పుకుంటుంది? ఆమె భర్త లేవి సైకిలు మీద పనికి పోతూనే మా ఊరి మలుపులో లారీ కింద పడి చనిపోయాడు. చర్చిలో నా పక్కనే కూర్చునేవాడు.

"నా బిడ్డ సదవకపోయినా పర్లేదు జయన్నా. బతికుంటే సాలు," అంది.

"సదవకుంటే నీ మాదిరే బండలు తోముకుంటా బతకాల. అదీ ఒక బతుకేనా?" అన్నాను.

ఆమె ఏడ్చింది. అలా అనకుండా ఉండాల్సింది. కానీ ఆమె కూతురు నిస్సీ గడప పట్టుకుని నన్నే చూస్తోంది. పదో తరగతి పాసవ్వాలి, అంతే ఆ పిల్ల కోరిక. దానికోసం వెనక్కి తగ్గలేకపోయాను.

"మలుపు కాడ స్పీడ్ బ్రేకర్ ఏపిస్తా. లారీలు నిదానంగా పోతాయి. అప్పుడన్నా పంపిస్తావా?"

"ఏపిచ్చు. అప్పుడు సూస్తాం," అంది కృపమణి, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

సోమవారం సోమవారం అర్జీ పట్టుకుని రోడ్ల ఆఫీసుకు పోయాను. నాలుగు సోమవారాలు. నాలుగోసారి ఒక గుమాస్తా తలెత్తి చూశాడు.

"ఆ మలుపులో ఎంతమంది పోయినారు?"

"ఒకడు సార్."

"ఒకడేనా?" అని మళ్ళీ తల దించుకున్నాడు.

అర్జీ అక్కడే చించి పారేసి ఊరికొచ్చాను. మనమే వేసుకుందాం అన్నాను. పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీ శ్రీనివాసులు, అంచులు విరిగి పక్కన పడేసిన పలకలు ఒక ట్రాక్టరు నిండా తోలించాడు. ఆదివారం ఆరాధన అయిపోగానే ఊరంతా మలుపు దగ్గర చేరింది. సిమెంటు కలిపేవాళ్ళు కలిపారు, పలకలు పరిచేవాళ్ళు పరిచారు. తాడు పట్టి వరస చూశారు, తట్టి తట్టి ఎత్తు సరిచేశారు. అద్దంలా మెరిసే మొహం పైకి పెట్టి, సందు కనబడకుండా అతికించారు. దారిన పోయేవాళ్ళు మా ఊరి పనితనం చూడాలని శ్రీనివాసులు ఉబలాటం. నాదీ అదే ఉబలాటం, అబద్ధం ఎందుకు. మా చర్చి పాస్టరు హెన్రీ అయ్యగారు ప్రార్థన చేశారు. శ్రీనివాసులు టెంకాయ కొట్టాడు.

మరుసటి రోజు మొదటి లారీ దాని దగ్గర బ్రేకు వేసి, ముసలి ఎద్దులా మెల్లగా ఎక్కి దిగింది. కృపమణి రోడ్డు పక్కన నిలబడి చూసింది. ఆ సాయంత్రం నిస్సీని నా దగ్గరికి తానే తీసుకొచ్చింది.

"నీ మీద నమ్మకంతో ఇస్తాండా," అంది.

నిస్సీకి రెండు రోజుల్లో వచ్చేసింది. చర్చి మైదానంలో చెయ్యి వదిలేస్తే మూడు చుట్లు తిరిగొచ్చి, "వదిలినావు కదా మామా? నాకు తెలుసులే!" అని నవ్వింది. నా అబద్ధాన్ని అలా పట్టేసిన పిల్ల ఆమె ఒక్కతే. జూన్‌లో స్కూలు తెరిచారు. ఐదుగురూ వరసగా బెల్లు కొట్టుకుంటూ నా అంగడి ముందు నుంచి పోతుంటే, నా జన్మకు ఇది చాలు అనుకున్నాను.

జూలై రెండో వారంలో వాన పడింది. పెద్ద వానేం కాదు, దుమ్ము తడిసేంత. పిల్లలు బడి నుంచి వస్తున్నారు. నిస్సీ ముందుంది. మలుపులో మేం పరిచిన బండల మీదికి ఎక్కగానే ముందు చక్రం పక్కకు జారింది. వెనక లారీ వస్తోంది.

నేను పరుగెత్తి పోయేసరికి డ్రైవరు చక్రం పక్కన కూలబడి ఉన్నాడు. "నిదానంగానే వచ్చినా సార్, దేవుని మీద ఒట్టు, నిదానంగానే వచ్చినా," అంటున్నాడు. అది నిజమే. వేగంగా వచ్చి ఉంటే పిల్ల దక్కేది కాదు. ఆమెను లేపబోతుంటే నా చెప్పు కూడా జర్రున జారింది. అప్పుడు కిందికి చూశాను.

మా ఊళ్ళో ప్రతి ఇంట్లో స్నానాల గదికి ఇవే పలకలు. తడి పడే చోటు కాబట్టి అక్కడ గరుకు మొహమే పైకి పెడతాం. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నలభై మందిమి, పుట్టినప్పటి నుంచి రాతితోనే బతికినవాళ్ళం, ఒక పూటంతా కూర్చుని ఆ బండలు పరిచాం. రోడ్డు మీద కూడా వాన పడుతుందని ఒక్కరికీ గుర్తు రాలేదు.

కర్నూలు పెద్దాసుపత్రిలో మోకాలి పైదాకా నిస్సీ కుడికాలు తీసేశారు.

రెండో రోజే రోడ్ల ఆఫీసు మనుషులు మిషను తెచ్చి బండలు పెకలించి పోయారు. వేయమని నాలుగు సోమవారాలు తిరిగాను, తీయడానికి వాళ్ళకు ఒక పూట సరిపోయింది. నా మీద, శ్రీనివాసులు మీద కేసు రాశారు. రాయనీ. ఇంకా పెద్ద శిక్ష వేసినా నాకు బాధ లేదు. నలుగురు తల్లులూ ఒక్క మాట అనకుండా సైకిళ్ళు తెచ్చి అంగడి ముందు నిలబెట్టి పోయారు. తిట్టినా బాగుండేది. ఆ పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు ఫ్యాక్టరీలో ఉన్నారు. లారీలు మళ్ళీ ఎప్పటిలాగే పోతున్నాయి.

అక్టోబరులో ఒక పొద్దున కృపమణి వచ్చింది. కూతురి సైకిలును తోసుకుంటూ తెచ్చింది. నేను లేచి నిలబడ్డాను. తలెత్తలేకపోయాను.

"ఆడ పెట్టు కృపమ్మా," అన్నాను, మిగతా నాలుగింటి వైపు చూపించి.

"ఇచ్చేదానికి రాలే. నాకు నేర్పు," అంది.

నాకు అర్థం కాలేదు.

"కూలోళ్ళ ఆటో ఆరుకే పోతాది. పాపకు నీళ్ళు పోసి, కట్టు మార్చి, అన్నం పెట్టి బయటపడేసరికి ఎనిమిదైతాండాది. నడిసిపోతే పొద్దెక్కుతాది, పన్లో పెట్టుకోరు. ఇంగెట్ల పోవాల?"

"కృపమ్మా, ఆ రోడ్డు మీదనా?"

"ఇంగో రోడ్డు ఉండాదా అన్నా?"

లేదు. పానా తీసుకుని సీటు ఆమె ఎత్తుకు సరిచేశాను. వారం రోజులు చర్చి మైదానంలో నేర్పాను. ఒక్క రోజు కూడా సీటు వదల్లేదు. ఎనిమిదో రోజు ఆమే హ్యాండిలు రోడ్డు వైపు తిప్పింది. సీటు పట్టుకుని పక్కనే పరుగెత్తాను. మలుపు దగ్గర, బండలు పీకిన చోట, తారు గతుకులుగా ఉంది. అది దాటాం. యాభై ఏడేళ్ళ మనిషిని, గుండె అదిరిపోతోంది.

"వదిలినావా?" అంది వెనక్కి తిరగకుండా.

"లే. పట్టుకోనే ఉండా."

ముప్పై ఏళ్ళలో ఆ మాట మొదటిసారి నిజంగా చెప్పాను.

"వదలకపోతే ఎట్లన్నా? రేపు ఫ్యాక్టరీ దాకా నువ్వూ ఉరకతావా?"

వెనక నుంచి లారీ హారన్ కొట్టింది. ఆమె భుజాలు బిగుసుకున్నాయి, కానీ పెడలు ఆపలేదు.

"ముందుకు చూడు కృపమ్మా," అన్నాను. ఎప్పుడూ అనే రెండో ముక్క మాత్రం నోట్లోంచి రాలేదు. చెయ్యి వదిలేశాను.