ఉతకకూడని చొక్కా

సినిమావాళ్ళకి అన్నీ కలిపి ఒకే గిన్నెలో వండడం సరదా. ఈసారి తీస్తున్నది సగం హత్య కేసు, సగం రక్తపిశాచి కథ. హంతకుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళిన పోలీసుకి చివర్లో కోరలు కనబడతాయి. ఆ కోరల వేషం ఎవరిదనుకున్నారు? యూనిట్ బట్టలన్నీ చూసుకునే బట్టలక్క తమ్ముడిది. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే, వేషం కోసం డైరెక్టర్ కాళ్ళావేళ్ళా పడిందీ ఆవిడే. తమ్ముణ్ణి ఎవరైనా పల్లెత్తు మాటంటే ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది.

బట్టల గదికి ఒక కట్టుబాటుంది. సీను పూర్తయ్యేదాకా నెత్తుటి చొక్కా ఉతకకూడదు. ఉతికితే మరక మారుతుంది, మరక మారితే తెర మీద ముందు సీనుకీ వెనక సీనుకీ అతకదు. ఆ నెత్తురు చూడబోతే పంచదార పాకంలో కలిపిన ఎర్రరంగు. అందుకని పొద్దున్న లేస్తే బట్టలక్కకి చీమలతోనే యుద్ధం.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక ఆవిడ చొక్కాలు దులుపుతోంది. అన్నిటి మీదా చీమలు బారులు తీరాయి. తమ్ముడి చొక్కా కాలరు దగ్గర మాత్రం నిన్న లేని మరకొకటి, ఎండి అట్టకట్టి ఉంది. దాన్ని ఒక్క చీమా ముట్టలేదు. వాసన చూసింది. తీపి లేదు, తుప్పు వాసన.

నిన్న సాయంత్రం నుంచి తమ్ముడి డూపు పత్తా లేడు. అలిగి ఇంటికెళ్ళిపోయాడన్న మాట మొదట పుట్టింది తమ్ముడి నోట్లోనే. నిన్న వాళ్ళిద్దరూ గొడవపడ్డారని యూనిట్ అంతా చెవులు కొరుక్కుంటుంటే, అందరి నోళ్ళూ మూయించింది ఈవిడే.

అంతలో తమ్ముడు లోపలికొచ్చాడు.

"అక్కా, ఆ చొక్కా ఉతికెయ్యవా?"

"మేడ మీంచి దూకే సీను ఇంకా ఉంది కదరా."

"అది ఇంక తియ్యరులే."

"ఎవరన్నారు?"

దూకాల్సింది డూపు. వాడు రేపటికల్లా వచ్చేస్తాడని డైరెక్టర్ మేడ మీద ఏర్పాట్లు కూడా చేయించాడు. రాడని తెలిసింది వీడొక్కడికే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తమ్ముడి చెయ్యి మెడ దగ్గరికి పోయింది.

"వాణ్ణేం చేశావురా?"

"తోశాను. తల పగిలింది. అంత నెత్తురు చూశాక ఆగలేకపోయాను." నెమ్మదిగా అన్నాడు. "ఆకలేసిందక్కా."

చిన్నప్పుడు వాడు ఆ మాటంటే ఆవిడ తన కంచంలోది తీసి పెట్టేది. గొంతు ఇప్పుడూ అంతే అమాయకంగా ఉంది. ఆవిడకి భయం వేసింది అందుకే. వాడికి పట్టింది పిచ్చో, వాడే పిశాచమో, ఆవిడ తేల్చుకోలేకపోయింది.

"కూర్చో నాన్నా, మంచినీళ్ళు తెస్తాను" అంటూ చొక్కా తీసుకుని బయటికొచ్చి గడియ పెట్టింది. ఏడుపు ఆగడం లేదు. మేనేజర్ని కేకేసి పోలీసులకి ఫోన్ చెయ్యమంది.

లోపల్నుంచి వాడు మెల్లగా తలుపు తట్టాడు.

"తియ్యక్కా. నిన్నేమైనా చేస్తానా?"

పుట్టి బుద్ధెరిగి వాడి మాట ఆవిడ నమ్మకపోవడం అదే మొదటిసారి. రెండో చెయ్యి కూడా గడియ మీద వేసి అదిమిపట్టుకుంది.