రెండు బండ్లకీ సరే

రామమోహన్‌కి యూట్ అవసరం ఏ కోశానా లేదు. వెనక సామాన్లకి తొట్టి ఉండి, రాళ్ళూ బురదా లెక్కచేయకుండా పోయే బండిని న్యూజిలాండ్‌లో యూట్ అంటారు. రైతుల దగ్గర్నుంచి గోడలకి రంగులు వేసేవాళ్ళ దాకా అందరికీ అదే బండి. రామమోహన్ రైతు కాడు. హామిల్టన్‌లో పాలు పితికే యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో, ఆ యంత్రాలకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఆవుని దగ్గరగా చూసింది కంపెనీ కేలండర్‌లోనే. ఇంటికీ ఆఫీసుకీ కూరగాయల షాపుకీ మధ్య తిరగడానికి పాత కారే అతనికి ఎక్కువ.

మరి కొంటానని ఎందుకన్నాడంటే, ఎవరో పలకరించారన్న సంబరంలో అన్నాడు. కేంటీన్‌లో ఒక పొడుగు బల్ల ఉంది, అందరూ దాని చుట్టూ కూర్చుంటారు. కిటికీ పక్కన చిన్న బల్ల ఉంది, అక్కడ రామమోహన్ కూర్చుంటాడు. ఒకరోజు టీ వేళ వర్క్‌షాప్‌లో పనిచేసే గ్రెగ్ కప్పు కడుక్కుంటూ, నీ కారు కనపడటం లేదేమిటని అడిగాడు. ఫిట్‌నెస్ పరీక్షలో పోయిందనీ కొత్తది చూడాలనీ చెప్పాడు రామమోహన్. ఏది చూస్తున్నావని గ్రెగ్ రెండో ప్రశ్న వేశాడు. రెండో ప్రశ్న దాకా ఎవరైనా వచ్చి ఎన్నాళ్ళయిందో. కిటికీలోంచి చూస్తే పార్కింగ్ నిండా యూట్‌లే కనిపించాయి.

"యూట్ కొందామనుకుంటున్నా," అన్నాడు.

పొడుగు బల్ల దగ్గర కుర్చీలన్నీ ఇటు తిరిగాయి.

ఆ తిరగడం ఎంత పెద్ద సంగతో తెలియాలంటే రామమోహన్ శనివారాల గురించి చెప్పాలి. పద్మతో విడాకులై రెండేళ్ళు దాటింది. అరుపులూ కేకలూ లేకుండా, మర్యాదగానే విడిపోయారు. పిల్లలు లేరు. ఆవిడ ఆక్లాండ్‌లో మౌంట్ రాస్కిల్‌కి మారింది, అతను ఉన్నచోటే ఉండిపోయాడు. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. హామిల్టన్ తెలుగువాళ్ళవన్నీ జంటల స్నేహాలు. విడిపోయిన ఇద్దర్నీ ఒకే భోజనానికి పిలవలేరు కాబట్టి ఒకరినే పిలవాలి. పిలుపులు చేసేది ఆడవాళ్ళు. అంత దూరం నుంచి పద్మ కారు వేసుకుని వచ్చేది, పక్క వీధిలో ఉన్న రామమోహన్‌కి ఫోను కూడా వచ్చేది కాదు. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎంచుకోవలసి వచ్చినప్పుడు అతన్ని ఎంచుకోలేదు, అంతే. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో వస్తానని చెప్పి బయటపడితే, మళ్ళీ సోమవారం పొద్దున నోరు విప్పేవాడు. ఆ మొదటి మాట బొంగురుగా వచ్చేది.

అలాంటి మనిషికి యూట్ దొరికింది.

గ్రెగ్ రేంజర్ అనే యూట్ పక్షం. విడిభాగాల గోడౌన్ చూసే సత్యేంద్ర హైలక్స్ అనే ఇంకో యూట్ పక్షం. సత్యేంద్రది ఫిజీ నుంచి వచ్చిన కుటుంబం. ముత్తాతలు తెలుగువాళ్ళేనట గానీ అతనికి తెలుగు రాదు, హిందీ ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు. ఒకే కంపెనీలో ఏళ్ళ తరబడి ఉన్నా రామమోహన్‌తో అతని మాటలు గుడ్ మార్నింగ్ దాటలేదు. ఇప్పుడు వాళ్ళిద్దరూ టీ కప్పులు పట్టుకుని కిటికీ బల్ల దగ్గరికే వచ్చేస్తున్నారు. రేంజర్‌లో కూర్చుంటే సోఫాలో కూర్చున్నట్టుంటుందని గ్రెగ్ అంటే, సోఫా కావాలంటే ఇంట్లో ఉంది కదా అని సత్యేంద్ర అంటాడు. హైలక్స్‌ని వాడి వాడి మనవడికి ఇవ్వచ్చని సత్యేంద్ర అంటే, ముందు ఈయన నడుము మిగలాలి కదా అని గ్రెగ్ అంటాడు. రామమోహన్ మధ్యలో కూర్చుని పెళ్ళికొడుకులా ముసిముసిగా నవ్వేవాడు.

మాటలతో ఆగలేదు. ఒక శనివారం గ్రెగ్ తన రేంజర్‌లో రాగ్లాన్ ఊరి వెనక కొండదారికి తీసుకెళ్ళాడు. గులకరాళ్ళ మీద బండి జారుతుంటే రామమోహన్ తలుపు పిడి వదల్లేదు, అయినా చాలా బావుందన్నాడు. ఇంకో శనివారం సత్యేంద్ర తన హైలక్స్‌లో పోర్ట్ వైకాటో సముద్రతీరంలో నల్ల ఇసుకలోకి దింపి, స్టీరింగ్ అతని చేతికిచ్చాడు. అదీ చాలా బావుందన్నాడు. నిజానికి అతనికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఈ మాట పైకంటే ఇద్దరూ తన్నేవాళ్ళు.

ఇసుకలో ఆ రోజు సత్యేంద్ర మామూలుగా అడిగాడు.

"భాభీకి ఏది నచ్చింది భయ్యా?"

విడాకులయ్యాయని చెప్తే ఎదుటివాళ్ళ మొహం ఎలా మారుతుందో రామమోహన్ చాలాసార్లు చూశాడు. ముందు జాలి, తర్వాత కంగారు, ఆ తర్వాత ఏదో పని గుర్తుకొస్తుంది. ఆ ఒక్క శనివారం అది చూడబుద్ధి కాలేదు.

"ఇండియా వెళ్ళింది. వచ్చాక చూపించాలి," అన్నాడు.

వారాలు గడిచాయి. రామమోహన్‌కి సాధ్యమైతే ఇంకో ఏడాది ఇలాగే తేల్చకుండా గడిపేవాడు. కొన్న మర్నాడు వీళ్ళకి తనతో పని ఉండదనీ, కిటికీ బల్ల మళ్ళీ ఖాళీ అయిపోతుందనీ అతనికి బాగా తెలుసు. అందుకే టైర్ల గురించి ఒక రోజు, తొట్టి మీద మూత గురించి ఒక రోజు కొత్త అనుమానాలు తెచ్చేవాడు. కానీ ఎవరి ఓపికకైనా హద్దుంటుంది. ఒక శుక్రవారం గ్రెగ్ వచ్చి బల్ల మీద చెయ్యి ఆనించాడు.

"అయితే రేంజర్ ఖాయమేగా? ఈ ఆదివారం కాదు, పై ఆదివారం నా స్నేహితులు ఇద్దరు వస్తున్నారు. కొత్త బండిని ఏట్లో దింపి అవతలి ఒడ్డుకి తీసుకెళ్దాం."

మొహం మీద కాదనడం రామమోహన్ ఇంటా వంటా లేదు. ముందు సరే అనేసి తర్వాత ఫోను ఎత్తకుండా తిరగడం వాళ్ళ వంశాచారం. సరే అన్నాడు. ఆ మధ్యాహ్నమే గోడౌన్ దగ్గర సత్యేంద్ర పట్టుకున్నాడు.

"హైలక్సే తీసుకుంటున్నావని అమ్మకి చెప్పేశాను భయ్యా. పై ఆదివారం మా ఇంట్లోనే బండి పూజ. భోజనం కూడా అక్కడే. భాభీ వచ్చేస్తుంది కదా, తీసుకురా."

దానికీ సరే అన్నాడు.

ఆ శని, ఆదివారాలు ఇంట్లో కూర్చుని ఆలోచించాడు. గ్రెగ్‌కి ఫోన్ చేసి చెప్పాలని నాలుగుసార్లు అనుకుని, నాలుగుసార్లూ టీ పెట్టుకున్నాడు. ఇంజన్లూ టైర్లూ అతని ఆలోచనలోకే రాలేదు. ఇంకొకరి ఇంట్లో కూర్చుని, ఎవరో వడ్డిస్తుంటే అన్నం తిని ఎన్నాళ్ళయిందో, అదొక్కటే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. అతను హైలక్స్‌ని ఎంచుకోలేదు, ఆదివారం భోజనాన్ని ఎంచుకున్నాడు.

గురువారం పొద్దున కొత్త హైలక్స్ ఆఫీసు పార్కింగ్‌లో నిలబడింది. గ్రెగ్ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. కాలితో టైరుని మెల్లగా తట్టాడు.

"మంచి బండే," అన్నాడు. "కాకపోతే నాతో సరే అన్నావు. నీకోసం వాళ్ళిద్దర్నీ రమ్మన్నాను."

"సారీ గ్రెగ్. చెప్దామనే అనుకున్నా."

"కాదంటే నేనేమీ అనుకునేవాణ్ణి కాదు మేట్. ముందే చెప్తే సరిపోయేది."

కోప్పడలేదు. కోప్పడితే బతిమాలుకోవడానికైనా వీలుండేది. మర్నాడు గ్రెగ్ దూరం నుంచే చెయ్యి ఊపి పొడుగు బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్కడ ఎవరో పడవ కొంటున్నారట, అందరూ దాని గురించి మాట్లాడుకుంటున్నారు. రామమోహన్ కిటికీ దగ్గర కూర్చుని తన బండిని చూసుకుంటూ టీ తాగాడు. ఇక మిగిలింది ఆదివారం ఒక్కటే.

సత్యేంద్ర తల్లి చంద్రావతి పొట్టి మనిషి. చీర మీద కొడుకు పాత చలికోటు వేసుకుని, పెరట్లో చెట్టు నుంచి కోసిన నిమ్మకాయలు ఒళ్ళో పెట్టుకుని ఇంటి ముందు సిద్ధంగా ఉంది. ఆవిడ మాట్లాడేది ఫిజీ హిందీయే గానీ, అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగు మాటలు కొన్ని దాచుకుంది. ఎన్నేళ్ళ తర్వాత వాటిని తీసిందో, ఒక్కొక్క మాటా చూసుకుని మాట్లాడుతోంది.

"దా బాబూ, దా. బహూ ఏది?"

"నిన్ననే దిగిందమ్మా. ప్రయాణం బడలిక. పడుకుంది," అన్నాడు. దారంతా వల్లె వేసుకుంటూ వచ్చిన జవాబు అది.

ఆవిడ మొహం చిన్నబోయింది. "హారతి ఇంటి ఆడది ఇయ్యాల. సరే, ఈ పారి నేనిస్తా."

బండి ముందు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, పెరటి బంతిపూలు గుచ్చిన దండ వేసింది. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించింది. గాలికి కర్పూరం ఆరిపోతుంటే సత్యేంద్ర అట్టముక్క అడ్డం పెట్టాడు. రామమోహన్ బండిని మెల్లగా ముందుకి కదిలించాడు. నిమ్మకాయలు చితికి కమ్మని వాసన వచ్చింది.

లోపల పూరీలు, గుమ్మడికాయ కూర, పప్పు, పాయసం ఉన్నాయి. వద్దన్నకొద్దీ ఆవిడ ఇంకో పూరీ వేసింది. వద్దని చెయ్యి అడ్డం పెట్టడం, ఆ చేతిని పక్కకి తోసి వడ్డించడం, ఈ తంతు ఒకటి లోకంలో ఉందనే అతను మరిచిపోయాడు. పూరీ ముక్క చేతిలో పట్టుకుని తినడం ఆపేశాడు. కారం ఎక్కువైందనుకుని ఆవిడ నీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది.

బయల్దేరేటప్పుడు చంద్రావతి రెండు చేతులా పట్టుకోవలసినంత పెద్ద స్టీలు కేరియర్ తెచ్చింది. తనే తలుపు తీసి, పక్క సీట్లో పెట్టింది.

"కొత్త బండిలో పక్క సీటు ఖాళీగా పోరాదు. ఇది బహూకి. వచ్చే ఆదివారం ఇద్దరూ రండి. ఆమెని చూడాల నేను."

వీధి సగం దాటాడో లేదో, బండిలో ఏదో మోగడం మొదలైంది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. స్టీరింగ్ వెనక తెర మీద పక్క సీటు బొమ్మ ఎర్రగా వెలుగుతోంది. కేరియర్ బరువుకి అక్కడ మనిషి కూర్చుందనుకుని, బెల్టు పెట్టుకోమని బండి గోల చేస్తోంది. రామమోహన్ పక్కకి ఆపాడు. కేరియర్ చుట్టూ బెల్టు తిప్పి బిగించాడు. మోత ఆగిపోయింది.

మళ్ళీ బయల్దేరబోతూ కేరియర్ వంక చూశాడు. అబద్ధాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పడిపోకుండా బెల్టు కూడా పెట్టాడు. వచ్చే ఆదివారం ఏం చెప్తాడు? జ్వరం అంటాడు. ఆ పై ఆదివారం నడుం నొప్పి అంటాడు. పద్మని ఎన్నాళ్ళని పడుకోబెడతాడు? చివరికి ఈ ఇంటికి రావడమే మానేస్తాడు, వాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తడు. నిజం చెప్తే మాత్రం, ఇందాక పూరీ వడ్డించిన ఆ మొహం కూడా అందరి మొహాల్లాగే మారుతుంది. ముందే చెప్తే సరిపోయేదన్న గ్రెగ్ మాట గుర్తొచ్చింది. బండి వెనక్కి తిప్పాడు.

చంద్రావతి ఇంటి ముందు వంగి, చితికిన నిమ్మకాయలు ఏరుతోంది. కేరియర్ పట్టుకుని దిగిన రామమోహన్‌ని చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

"ఏం మరిచినావు?"

"ఇంట్లో ఎవరూ లేరమ్మా," అన్నాడు. "పద్మా నేనూ విడిపోయి రెండేళ్ళు దాటింది. ఇండియా వెళ్ళడమూ లేదు, రావడమూ లేదు. అబద్ధం చెప్పాను."

అలవాటు కొద్దీ ఆవిడ మొహం వంక చూశాడు. మారింది. నోరు కొంచెం తెరుచుకుని మూసుకుంది. కొడుకు కోసమన్నట్టు వెనక్కి ఒకసారి చూసింది. తర్వాత అతని చేతుల్లోంచి కేరియర్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రామమోహన్ వాకిట్లో నిలబడ్డాడు. పెట్టిన అన్నం వెనక్కి తీసుకున్నారంటే ఇక వెళ్ళమనే కదా అనుకున్నాడు. చెప్పకుండా వెళ్తే బావుండదని ఆగాడు. లోపల గిన్నెల చప్పుడు, తల్లీకొడుకులు హిందీలో ఏదో గొంతు తగ్గించి మాట్లాడుకోవడం వినిపించాయి. బంతిపూల దండ గాలికి ఒకవైపు ఊడింది. దాన్ని సరిచేస్తూ నిలబడ్డాడు.

ఆవిడ బయటికొచ్చింది. చేతిలో కేరియర్ లేదు. ఒక చేత్తో పట్టుకునేంత చిన్న డబ్బా ఉంది.

"ఒక్కనికి ఇది చాలు. ఎక్కువ పెడితే పాడయిపోతాది," అంది. నవ్వలేదు, జాలిపడలేదు. "డబ్బా నాకు కావాల. కడిగి ఆదివారం తే."

"సరేనమ్మా," అన్నాడు రామమోహన్. ఈసారి ఆ మాట మొహమాటానికి అనలేదు.

డబ్బాని పక్క సీట్లో పెట్టి బయల్దేరాడు. ఇందాక మోత మొదలైన చోటికి వచ్చేసరికి తెలియకుండానే వేగం తగ్గించి, చెవి ఒగ్గి విన్నాడు. బండి ఏమీ అనలేదు. ఒక్క మనిషి తినే అన్నాన్ని అది మనిషి కింద లెక్కవేయలేదు. తెర మీద అతని సీటు ఒక్కటే వెలుగుతోంది. కాసేపు చూసి, చెయ్యి చాచి డబ్బా జారకుండా పట్టుకుని, అలాగే ఇంటి దాకా నడిపాడు.