పొన్నెబోయినోళ్ల బర్రె

మోత్కూరు పక్కన మా ఊరి పాల సంఘంలో కంప్యూటర్ పాత వర్షన్ నుంచి కొత్త వర్షన్‌కు ఒక్క దుముకులో పోకూడదట. జనం బెదిరిపోతారట. అందుకని నల్గొండ ఆఫీసులో కూచున్న ప్రవీణ్ సార్ నడుమ ఆరు చిన్న వర్షన్లు పెట్టాడు, మెట్లు కట్టినట్టు, నెలకొకటి. కట్టడానికి ఆయనకేం పోయింది! ఎక్కే కర్మ నాది. పాలు కొలిచి కంప్యూటర్‌లో ఎక్కించే శ్రీశైలాన్ని నేనే.

ప్రతి మెట్టు మీదా తెర మీదికి ఓ పసుపు డబ్బా లేచేది. లోపల ఇంగ్లీషు పురాణం, కింద 'ఓకే' మీట. పొద్దున్నే అరవై మంది క్యాన్లతో నా నెత్తి మీద నిలబడితే పురాణం ఎవడు చదువుతాడు? ఆరు నెలలు, రెండు పూటలా ఓకే కొట్టాను. ఇదేంటి సార్ అని ఒకసారి అడిగితే, "మీకు అలవాటు గావాల్నని పెట్టినమయ్యా" అన్నాడు. అలవాటయింది, నిజమే.

సోమవారం కొత్త వర్షన్ దిగింది. మంగళవారం పొద్దున గుర్వమ్మవ్వ వట్టి చేతులతో ఉరికొచ్చింది.

"శ్రీశైలం, బర్రె ఈనలేకపోతాంది బిడ్డా. దుడ్డె అడ్డం తిరిగింది. డాక్టర్‌ను జర జల్ది పంపియ్యి."

ఆమెకున్నది ఆ ఒక్క బర్రే. సంఘం డాక్టర్ సభ్యుల ఇళ్లకే వస్తాడు, అదీ కంప్యూటర్ చీటీ ఇస్తేనే. పేరు కొట్టాను. గుర్వమ్మ లేదు. ఇరవై ఏళ్లుగా పాలు పోస్తున్న మనిషి లేదు! ప్రవీణ్ సార్‌కు ఫోన్ చేశాను.

"ఇంటిపేరు లేనోళ్లను కొత్త వర్షన్ తీసుకోదయ్యా. రాయకుంటే తీసేస్తమని ఆర్నెల్ల సంది పసుపు డబ్బాల చెప్తనే ఉన్నం. నువ్వే ఓకే కొట్టినవ్."

మా ఊళ్లో ఆమెను ఇంటిపేరు అడిగినవాడు లేడు. ఒట్టి 'గుర్వమ్మ' అని ఎక్కించింది నేనే.

"ఇప్పుడెట్ల సార్?"

"ఫికర్ జెయ్యకు. నడుమ ఇంకో చిన్న వర్షన్ ఇస్తం. పదిహేను రోజులల్ల."

స్పీకర్‌లో వింటున్న అవ్వ ఫోన్ గుంజుకుంది. "ఓ సారూ! గా ముచ్చట నా బర్రెకు గూడ చెప్పు. ఇయ్యాల తలకాయ ఈని, మిగిలింది పదిహేను రోజులకు ఈనుమను!"

ఆయన ఫోన్ పెట్టేశాడు, క్యాన్ల వరుస గొల్లుమంది. తప్పు ఆయనొక్కడిదే అయితే నేనూ నవ్వేవాణ్ణి. అవ్వను కొత్తగా చేర్చాలంటే వారం పడుతుంది. నేనూ సభ్యుణ్ణే, మాకు పొన్నెబోయిన అని నిండైన ఇంటిపేరుంది. బర్రెను నా పేరు మీద ఎక్కించి చీటీ తీశాను. డాక్టర్ వచ్చి గంటసేపు తంటాలు పడి దుడ్డెను తీశాడు. తల్లీపిల్లా బతికాయి.

ఇది జరిగి ఏడాది. గుర్వమ్మవ్వను ఇంటిపేరుతో మళ్లీ చేర్చాను. కానీ బర్రెను ఒకరి పేరు నుంచి ఇంకొకరికి మార్చే మీట ఏ వర్షన్‌లోనూ రాలేదు. బర్రె లేనివాళ్ల పాలు కంప్యూటర్ తీసుకోదు. ఆమె పాలు నా పేరు మీదే ఎక్కుతున్నాయి. వచ్చిన పైసలు వచ్చినట్టు ఆమె చేతిలో పెడుతున్నాను, అయినా ఆమె మొహంలోకి చూడలేకపోతున్నాను.

నిన్న క్యాన్ నా ముందు దించి, పదిమంది వినేలా అంది:

"పొన్నెబోయినోళ్ల బర్రెకు గడ్డేసిన, పెండ తీసిన, పాలు పిండుకొచ్చిన. ఇగ మీ ఇంట్ల పనికి జీతమున్నట్టే గదా, కొడుకా?"

తెర మీద పసుపు డబ్బా లేచింది. తలెత్తకుండా ఓకే కొట్టాను.